ఏ దగ్గును రానివ్వాలి, ఏ దగ్గును ఆపాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: అమ్మగారికి 62 ఏళ్లు. బ్రాంకియెక్టాసిస్ (ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు సాగిపోయి కఫం నిలిచే జబ్బు) ఉందని 4 ఏళ్ల కిందట సీటీ స్కాన్‌లో తేలింది, దాంతోపాటు కొంత సీఓపీడీ (గాలిగొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలపు జబ్బు) కూడా ఉందన్నారు. పొద్దున లేవగానే అరగంట సేపు కఫంతో దగ్గు. రాత్రి పడుకున్నాక తెరలు తెరలుగా పొడి దగ్గు. నెలకు మూడు సీసాల సిరప్ ఖాళీ అవుతోంది, గుణం మాత్రం లేదు. ఈ దగ్గు ఆగే మార్గం ఉందా అని అడిగారు.

పూర్తిగా ఆగదు. కానీ రాత్రి నిద్రపట్టే స్థాయికి, పగలు నలుగురిలో కూర్చోగలిగే స్థాయికి తేవచ్చు. దానికి ముందు ఒక విషయం గుర్తించాలి. ఆవిడకు ఉన్నవి రెండు దగ్గులు. పొద్దుటి దగ్గు ఒళ్లు చేసుకుంటున్న పని, దానికి చేయూత ఇవ్వాలి. రాత్రి దగ్గులో చాలా భాగం ఉత్త అలుపే తప్ప బయటికి తెచ్చేది ఏమీ లేదు, దాన్ని ఆపాలి. ఒకే సీసాతో రెండింటికీ మందు వేయబోవడమే ఇక్కడ జరుగుతున్న పొరపాటు.

ఆ సీసాల లేబుళ్లు ఒకసారి చదవండి. చాలా సిరప్‌లలో కఫాన్ని పలచన చేసే మందూ, దగ్గును అణిచే మందూ కలిపే ఉంటాయి. ఒకటి బయటికి రమ్మంటుంది, రెండోది గుమ్మం మూసేస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాత రకం అలర్జీ మందు ఉంటే మత్తు, నోరు ఎండిపోవడం, కఫం ఇంకా చిక్కబడటం. పెద్దవయసువాళ్లకు మతిమరుపు, మూత్రం సరిగా రాకపోవడం కూడా. గాలిగొట్టాలను వదులు చేసే సాల్బుటమాల్ గానీ టెర్బుటలిన్ గానీ ఉంటే, ఇన్‌హేలర్‌లో పీలుస్తున్న రకం మందునే మళ్లీ తాగిస్తున్నారన్నమాట. చేతులు వణకడం, గుండెదడ అక్కడి నుంచే వస్తాయి.

ఎందుకు పొద్దుటి దగ్గును అణచకూడదో చెప్తాను. గాలిగొట్టాల లోపలి గోడకు కంటికి కనపడనంత సన్నని నూగు ఉంటుంది. అది ఎడతెగకుండా కదులుతూ దుమ్మునీ కఫాన్నీ గొంతు వైపు తోస్తుంది. బ్రాంకియెక్టాసిస్‌లో గొట్టాలు సాగి వెడల్పైపోతాయి, ఆ నూగు చాలాచోట్ల రాలిపోతుంది. కఫం నీటిగుంటలా అక్కడే నిలుస్తుంది. నిలిచినచోట బాక్టీరియా చేరుతుంది, వాపు వస్తుంది, గోడ ఇంకా దెబ్బతింటుంది, ఇంకా కఫం పడుతుంది. ఈ విషవలయంలో మిగిలిన ఒకే ఒక చీపురు దగ్గు. దగ్గును అణిచే కోడీన్ మందు పోసి ఆ చీపురు లాక్కుంటే నాలుగు రోజులు నిశ్శబ్దంగా ఉంటుంది, తరవాత జ్వరం రావచ్చు.

మందులు మార్చేముందు ఒక వారం నోటుబుక్కు పెట్టండి. దగ్గు తెర వచ్చిన వేళ, పొడా తడా, అప్పుడు ఏం చేస్తున్నారు (పడుకున్నారా, మాట్లాడుతున్నారా, తిన్న వెంటనేనా). కఫాన్ని మి.లీ. గీతలున్న పారదర్శకపు కప్పులోకి వేయించి రోజు మొత్తం ఎంతో రాయండి, రంగు కూడా. బ్రాంకియెక్టాసిస్ ఉన్నవాళ్లకు బాగున్న రోజుల్లో కూడా కఫం కాస్త పచ్చగా ఉండవచ్చు. అందుకే "రంగు ఏమిటి" అన్నదానికంటే "ఆవిడ మామూలు రంగు నుంచి మారిందా" అన్నదే అసలు ప్రశ్న. ఆ మామూలు ఏమిటో తెలియాలంటే ఈ వారం రాతలు కావాలి.

ఇక పొద్దుటి పని. వరస ముఖ్యం. ముందు గొట్టాలు వదులు చేసే ఇన్‌హేలర్, సాధారణంగా సాల్బుటమాల్, డాక్టర్ రాసిన మోతాదులో. 10-15 నిమిషాలు ఆగాలి. ఉప్పునీటి నెబ్యులైజేషన్ (ఉప్పునీటిని యంత్రంతో సన్నని తుంపరగా మార్చి పీల్చడం) రాసి ఉంటే అది ఆ తరవాత. ఆపైన కఫం తీసే కసరత్తు. స్టెరాయిడ్ ఇన్‌హేలర్, పీల్చే యాంటీబయాటిక్ అన్నిటికంటే ఆఖరున. చాలా ఇళ్లలో ఇది తిరగబడుతుంది: లేవగానే అన్ని ఇన్‌హేలర్లూ వరసగా పీల్చేసి, తరవాత దగ్గుతారు. అప్పుడు స్టెరాయిడ్ కఫం మీద పడి, ఆ కఫంతోపాటే బయటికి పోతుంది.

కసరత్తుకు ఫిజియోథెరపిస్టులు వాడే పద్ధతిలో మూడు ముక్కలు ఉంటాయి, వాటిని చక్రంలా తిప్పుతారు. అమ్మగారిని కుర్చీలో నిటారుగా, పాదాలు నేలకు ఆనేలా, భుజాలు వదిలేసి కూర్చోబెట్టండి.

మొదటిది మెత్తని ఊపిరి. ఒక చెయ్యి పొట్ట మీద. ముక్కుతో పీల్చి నెమ్మదిగా వదలాలి, చెయ్యి పైకీ కిందికీ కదలాలి, భుజాలు కదలకూడదు. అరనిమిషం నుంచి ఒక నిమిషం. ఇదేం పని అనిపిస్తుంది గానీ గొట్టాలు బిగుసుకోకుండా కాపాడేది ఇదే.

రెండోది నిండు ఊపిరి. ముక్కుతో నిదానంగా నిండుగా పీల్చి 3 సెకన్లు ఆపి, బలం పెట్టకుండా వదిలేయాలి. ఇలా 3 లేదా 4 సార్లు. ఆపడం ఎందుకంటే, కఫం అడ్డున్న గొట్టంలోకి గాలి పక్క దారుల గుండా కఫం వెనక్కి చేరాలి. వెనక గాలి లేకుండా ఎంత దగ్గినా కఫం ముందుకు రాదు. మళ్లీ మెత్తని ఊపిరి. తల తిరిగినట్టుంటే నిండు ఊపిర్ల లెక్క తగ్గించండి.

మూడోది హఫ్. అద్దం మీద ఊది ఆవిరి పట్టించేటప్పుడు "హా" అంటాం చూడండి, అదే, కాస్త పొట్ట నొక్కి. నోరు గుండ్రంగా తెరిచి ఉండాలి, గొంతు తెరిచి ఉండాలి. ముందు మామూలు కంటే కొంచెం ఎక్కువ పీల్చి, పొడుగ్గా "హా…" అని వదలాలి. ఇది లోపలి సన్నగొట్టాల కఫాన్ని పైకి జరుపుతుంది. కఫం పైకొచ్చి గరగరమన్నప్పుడు నిండుగా పీల్చి, పొట్టిగా, చురుగ్గా ఒక "హా". అది పెద్ద గొట్టంలోది. ఒకటి రెండు హఫ్‌లు కాగానే మళ్లీ మెత్తని ఊపిరి. కఫం గొంతు దాకా వచ్చాకే ఒకటో రెండో దగ్గులు దగ్గి ఉమ్మాలి.

ఈ చక్రాన్ని రెండు వరస హఫ్‌లు పొడిగా వినిపించేదాకా తిప్పండి. మామూలుగా 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. 30 దాటనివ్వకండి, అలిసిపోతే ముందే ఆపేయండి. బాగున్న రోజుల్లో రోజుకు ఒకసారి లేదా రెండుసార్లు, ఇన్‌ఫెక్షన్ రోజుల్లో ఇంకాస్త తరచుగా.

ఎక్కడ తప్పుతారంటే: హఫ్ బదులు గొంతు బిగించి గీరుతారు. చప్పుడు గరుగ్గా వస్తే గొంతు మూసుకున్నట్టే. ఇది సరికాకపోతే పీక్‌ఫ్లో మీటరు (ఊదే వేగం కొలిచే పరికరం) మూతిగొట్టం లాంటి చిన్న గొట్టాన్ని పళ్ల మధ్య పెట్టి దానిగుండా "హా" అనిపించండి, నోరూ గొంతూ వాటంతట అవే తెరుచుకుంటాయి. రెండో తప్పు, పిల్లికూతలు వచ్చేదాకా గాలిని పిండేయడం. మూడోది, మీ ప్రశ్నలో ఉన్న ఆ అరగంట దగ్గు. ఆపకుండా వరసగా దగ్గితే ఛాతీలో ఒత్తిడి పెరిగి మెత్తబడిన గొట్టాలు నొక్కుకుపోతాయి, కఫం వాటి వెనకే ఉండిపోతుంది. ముఖం ఎర్రబడుతుంది, కళ్లలో నీళ్లు వస్తాయి, కప్పులో మాత్రం ఏమీ పడదు. అరగంట దగ్గు కంటే పావుగంట హఫ్ ఎక్కువ కఫం తేగలదు, తక్కువ అలుపుతో.

కూర్చుని చేస్తే సరిపోకపోతే పడక కూడా వాడుకోవచ్చు. సీటీ రిపోర్టులో ఏ భాగం ఎక్కువ దెబ్బతిందో రాసి ఉంటుంది. ఎడమ కింది భాగమైతే కుడి పక్కకు తిరిగి పడుకోవాలి, అంటే చెడిన వైపు పైకి ఉండాలి. కఫం దిగువకు జారి పెద్ద గొట్టంలోకి వస్తుంది. అదే భంగిమలో పై చక్రం చేయించండి. తల కిందికి వంచే పాత పద్ధతి అందరికీ అక్కర్లేదు. పుల్లటి తేనుపులు, గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు అది చెరుపే. తిన్న గంటన్నర లోపల ఏ భంగిమా వద్దు.

ఊదితే కంపించే చిన్న పరికరాలు, ఫ్లటర్, అకపెల్లా లాంటివి, కొందరికి బాగా పనిచేస్తాయి. పీల్చి 2-3 సెకన్లు ఆపి, బుగ్గలు ఉబ్బనివ్వకుండా గట్టిగా పెట్టి, 3-4 సెకన్లు నిలకడగా ఊదాలి. కంపం ఛాతీలో తెలియాలి. బుగ్గల్లో తెలుస్తోందంటే అక్కడే ఖర్చైపోతోంది. 10-15 ఊపిర్ల తరవాత హఫ్. ఈ హఫ్ మానేసి ఊరికే ఊదుతూ కూర్చుంటే సగం పనే. ఫ్లటర్‌లో ఉక్కు గోళీ ఉంటుంది కాబట్టి కోణం మారితే కంపం పోతుంది. అకపెల్లాను పడుకుని కూడా వాడుకోవచ్చు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన స్థితిలో, కఫంలో రక్తం పడుతున్నప్పుడు వీటిని వాడకూడదు.

ఉప్పునీటి నెబ్యులైజేషన్ గురించి. 0.9, 3, 6, 7 శాతం గాఢతల్లో ఉంటుంది. గాఢమైనది గోడలోంచి నీటిని లాగి కఫాన్ని జారుడు చేస్తుంది. అదే గాఢత గొట్టాలను బిగపట్టించగలదు కూడా. అందుకే మొదటి మోతాదు ఆస్పత్రిలోనే, ముందూ వెనకా ఊపిరి పరీక్ష చేసి ఇస్తారు, ముందు సాల్బుటమాల్ పీల్చాక. ఇంట్లో నీళ్లలో ఉప్పు కలిపి నెబ్యులైజర్‌లో పోయకండి, ఆ నీళ్లలోని క్రిములు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కప్పు, మూతిగొట్టం ప్రతిసారీ సబ్బునీళ్లతో కడిగి, సబ్బు పోయేలా మళ్లీ కడిగి, గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా మూతపెట్టిన నెబ్యులైజర్ కప్పు సూడోమోనాస్ అనే బాక్టీరియాకు ఇష్టమైన ఇల్లు. బ్రాంకియెక్టాసిస్‌లో ఆ క్రిమి ఒకసారి కాపురం పెడితే వెళ్లగొట్టడం చాలా కష్టం.

గిన్నెలో వేడినీళ్ల ఆవిరి గొంతుకు హాయినిస్తుంది, అంతే. లోపలి కఫాన్ని కదిలిస్తుందన్న ఆధారం బలంగా లేదు, ఒలికితే కాళ్లు కాలే ప్రమాదం మాత్రం బలంగా ఉంది. నీళ్లు దాహం తీరేలా తాగితే చాలు. బలవంతంగా లీటర్ల కొద్దీ తాగించడం వల్ల కఫం పలచబడదు. గుండె, కిడ్నీ జబ్బుంటే హాని.

అసిటైల్‌సిస్టీన్, కార్బోసిస్టీన్ లాంటి కఫం పలచన చేసే మాత్రలు కొందరికి నయం. ఒక నెల వాడి నోటుబుక్కులో తేడా కనిపిస్తేనే కొనసాగించమని డాక్టర్‌ను అడగండి. కడుపులో పుండు ఉంటే ముందే చెప్పాలి. డోర్నేస్ ఆల్ఫా అనే పీల్చే మందు గురించి ఎవరైనా చెబితే ఒకటి గుర్తుంచుకోండి: అది సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు మంచి మందు, మిగతా కారణాల వల్ల వచ్చిన బ్రాంకియెక్టాసిస్‌లో చెరుపే చేసింది.

ఇప్పుడు రాత్రి దగ్గు. దీనికి ఒకే కారణం ఉండదు, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోవాలి.

అన్నిటికంటే సులువుగా తేలేది బీపీ మాత్ర. పేరు చివర "ప్రిల్" ఉందా చూడండి: ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్. ఈ కుటుంబం కొందరిలో గొంతులో కిచ్‌కిచ్‌మనే పొడి దగ్గు తెస్తుంది. మాత్ర మొదలుపెట్టిన వారంలోనూ రావచ్చు, నెలల తరవాతా రావచ్చు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. సొంతంగా మానేయకండి. మార్చమని అడిగితే సాధారణంగా "సార్టన్" కుటుంబం మాత్ర రాస్తారు. మార్చాక దగ్గు పోవడానికి 1 నుంచి 4 వారాలు, కొందరికి 3 నెలలు. పది రోజులకే "ఇది కాదులే" అని తేల్చేయకండి. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లలో ఈ కారణం ఏళ్ల తరబడి దాక్కుంటుంది, ఎందుకంటే దగ్గంతా జబ్బు ఖాతాలోనే రాసేస్తారు.

రెండోది, సాయంత్రం తీయకుండా వదిలేసిన కఫం. పడుకోగానే అది కదిలి దగ్గు రేపుతుంది. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు రెండో విడత కసరత్తు చేయిస్తే ఈ భాగం పోతుంది. మరీ పడుకునే ముందే చేస్తే కదిలిన కఫం ఇంకా వస్తూ నిద్ర చెడుతుంది.

మూడోది పొట్టలోంచి పైకి తన్నే పులుపు. మంట లేకుండా కూడా రావచ్చు. ఆఖరి భోజనానికీ పడకకూ మధ్య 3 గంటలు ఉండాలి. మంచం తలవైపు కోళ్ల కింద దిమ్మెలు పెట్టి 15-20 సెం.మీ. ఎత్తండి. దిండ్లు పేర్చడం దీనికి సాటిరాదు. దిండ్లతో మెడా నడుమూ వంగి పొట్ట నొక్కుకుంటుంది, పులుపు ఇంకా పైకి వస్తుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మేలు. గుండెలో మంట, పుల్లటి తేనుపులు ఉంటే యాసిడ్ తగ్గించే మాత్ర అర్థవంతం. అవి లేనప్పుడు దగ్గు కోసమే నెలల తరబడి ఆ మాత్ర మింగడం వల్ల ఒరిగేది తక్కువ.

నాలుగోది ముక్కు వెనక నుంచి గొంతులోకి కారే చీమిడి. దీనికి ఉప్పునీటితో ముక్కు కడగడం మంచి ఉపాయం. అయొడిన్ కలపని ఉప్పు 3 చెంచాలు, బేకింగ్ సోడా 1 చెంచా కలిపి పొడి డబ్బాలో ఉంచుకోండి. అందులోంచి 1 చెంచా తీసి, మరిగించి చల్లార్చిన 240 మి.లీ. నీళ్లలో కలపాలి. మంటపుడితే అర చెంచా చాలు. కుళాయి నీళ్లు నేరుగా వాడకూడదు. తల ముందుకు వంచి, నోటితో ఊపిరి తీస్తూ, ఒక ముక్కులో పోస్తే రెండోదాంట్లోంచి రావాలి. డాక్టర్ ముక్కు స్ప్రే రాసి ఉంటే కడిగిన తరవాతే కొట్టాలి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా మిగిలే దగ్గు ఒకటి ఉంటుంది: అలవాటుపడిన గొంతు. నెలల తరబడి దగ్గితే గొంతు నరాలు చిన్నదానికే ఉలిక్కిపడతాయి. నవ్వు, మాట, చల్లగాలి, సెంటు వాసన చాలు. దగ్గితే గొంతు ఒరుసుకుంటుంది, ఒరుసుకుంటే దురద, దురదకు మళ్లీ దగ్గు. ఇక్కడ దగ్గును ఆపడమే వైద్యం. దీన్ని స్పీచ్ థెరపిస్టులు కొన్ని సిట్టింగుల్లో నేర్పిస్తారు. ఇంట్లో మొదలుపెట్టాలంటే ఇలా.

గొంతులో దురద పుట్టగానే, తెర మొదలవకముందే, నోరు మూయాలి. గడ్డం కాస్త దించి గట్టిగా గుటక వేయాలి, పక్కన గ్లాసు ఉంటే ఒక గుక్క నీళ్లు. తరవాత ముక్కుతో చిన్నగా, వాసన చూసినట్టు పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి సన్నగా వదలాలి. మళ్లీ గుటక, మళ్లీ చిన్న ఊపిరి. నోటితో పెద్ద ఊపిరి లాగితే చల్లగాలి నేరుగా గొంతుకు తగిలి తెర ఖాయం. మొదట్లో దురదను 10 సెకన్లు ఆపగలిగితే గెలుపే, తరవాత 20, తరవాత నిమిషం. దగ్గు లేని వేళల్లో రోజుకు నాలుగైదు సార్లు ఊరికే సాధన చేయించండి. తెర మధ్యలో కొత్త విద్య ఎవరికీ గుర్తురాదు. గొంతు సవరించుకోవడం కూడా చిన్న దగ్గే, దాని బదులూ గుటకే. చప్పరించే బిళ్లలు వాడితే మెంథాల్ లేనివి, చక్కెర లేనివి. లాలాజలం ఊరడమే వాటివల్ల ప్రయోజనం.

ఒక హెచ్చరిక: ఛాతీలో గరగర వినిపిస్తుంటే ఈ విద్య వాడకూడదు. అది తడి దగ్గు, దానికి హఫ్.

కోడీన్ లాంటి నల్లమందు జాతి మందుల గురించి సూటిగా చెప్పాలి. సీఓపీడీ ముదిరినవాళ్లలో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే స్వభావం ఉంటే, ఇవి ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి. పొద్దున తలనొప్పితో లేవడం, పగలు తూగుతూ ఉండటం దాని గుర్తులు. నిద్రమాత్రతో కలిపితే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆవిడ తాగుతున్న సీసాల్లో కోడీన్ ఉంటే ఆ సంగతి ఛాతీ డాక్టర్‌కు వెంటనే తెలియాలి.

ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, అంటే ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ల లెక్క వేరు. అక్కడ దగ్గు దాదాపు పూర్తిగా పొడిదే, కఫం తీసే కసరత్తుతో పనిలేదు. నింటెడానిబ్, పిర్ఫెనిడోన్ మచ్చ పెరగడాన్ని నెమ్మదింపజేసే మందులు, వాటి నుంచి దగ్గు మందు పని ఆశించకూడదు. పైన చెప్పిన గుటక విద్య వీళ్లకు మొదటి మెట్టు. దానికి లొంగకపోతే గాబాపెంటిన్ అనే నరాల మందుగానీ, చిన్న మోతాదు మార్ఫిన్‌గానీ (నిదానంగా విడుదలయ్యే 5 మి.గ్రా. మాత్ర రోజుకు 2 సార్లు) నిపుణుల పర్యవేక్షణలో ఇస్తారు. మార్ఫిన్ పేరు వినగానే ఆఖరి దశ అనుకుని హడలిపోతారు. ఈ మోతాదు దగ్గు కోసం, అంతే. మలబద్ధకం తప్పకుండా వస్తుందనుకుని దాని మందు కూడా ముందే అడగాలి.

ఇన్‌హేలర్ పద్ధతి మీద ఒక్క రోజు కూర్చోండి. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా) అయితే: బాగా ఊపి, ఊపిరి వదిలి, ఒక్క పఫ్ నొక్కి, 3-5 సెకన్లు నిదానంగా పీల్చి, 10 సెకన్లు ఆపాలి. రెండో పఫ్‌కు అరనిమిషం ఆగి మళ్లీ ఊపాలి. రెండు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లోకి నొక్కితే మందు గోడలకు అంటుకుపోతుంది. స్పేసర్‌కు ఈల ఉండి అది మోగితే వేగంగా పీలుస్తున్నారని అర్థం. పొడి ఇన్‌హేలర్ దీనికి సరిగ్గా ఎదురు: చురుగ్గా, బలంగా లాగాలి. రెండు రకాలూ ఉన్న ఇంట్లో ఒకదాని పద్ధతి రెండోదానికి వాడటం సర్వసాధారణం. పొడి గొంతుకు తగలగానే దగ్గు వస్తుంటే పరికరం మార్చమని అడగండి. స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి, లోపల తుడవకుండా ఆరబెట్టాలి. గుడ్డతో తుడిస్తే స్థిర విద్యుత్తు పుట్టి మందును గోడకు లాక్కుంటుంది. మందు అయిపోయిన డబ్బా కూడా బుస్సుమంటూనే ఉంటుంది, కాబట్టి అంకెల మీటరే నమ్మండి. స్టెరాయిడ్ తరవాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత, బొంగురు, దాంతో మరో దగ్గు.

దగ్గు ఒంటిని కూడా చెడగొడుతుంది, దీని గురించి ఆడవాళ్లు నోరు విప్పరు. దగ్గినప్పుడు మూత్రం చుక్కలు పడటం చాలామందికి ఉంటుంది. దగ్గుకు ఒక్క క్షణం ముందు మూత్రం ఆపుకునే కండరాన్ని బిగించి, బిగింపులోనే దగ్గడం నేర్పండి. ఆ కండరానికి రోజుకు 3 సార్లు, సారికి కనీసం 8 బిగింపులు, 3 నెలలు. దీనికి సిగ్గుపడి నీళ్లు తాగడం మానేసేవాళ్లు, హఫ్ మానేసేవాళ్లు ఉంటారు, కాబట్టి మీరే అడగాలి. పక్కటెముక దగ్గర ఒక్కచోట, వేలు పెడితే కలుక్కుమనే నొప్పి వస్తే ఎముక చిట్లి ఉండవచ్చు. దగ్గేటప్పుడు దిండు హత్తుకుంటే తట్టుకోగలరు. దగ్గు తెరలో కళ్లు బైర్లు కమ్మి పడిపోయే తత్వం ఉంటే నిలబడి దగ్గకూడదు, డాక్టర్‌కు చెప్పేదాకా బండి నడపకూడదు.

పొగ ఏదైనా సరే ఇంట్లో వద్దు, పక్కవాళ్ల సిగరెట్‌తో సహా. సిగరెట్ మానినవాళ్లకు మొదటి వారాల్లో దగ్గు పెరిగినట్టు అనిపిస్తుంది, ఆ నూగు మళ్లీ కదలడం మొదలైందన్నమాట, భయపడి మళ్లీ ముట్టించకూడదు. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకాకల్ టీకా డాక్టర్ చెప్పినట్టు. 6 నుంచి 12 వారాల పల్మనరీ రీహాబ్ (ఊపిరితిత్తుల రోగులకు నిపుణులు నేర్పే వ్యాయామ శిక్షణ) దొరికితే వదులుకోకండి. ఆయాసపడేంత నడక కూడా కఫాన్ని కదిలిస్తుంది.

ఇన్‌ఫెక్షన్ ఎప్పుడనుకోవాలి? దగ్గు, కఫం పరిమాణం లేదా చిక్కదనం, రంగు, ఆయాసం, నీరసం, రక్తపు చార, వీటిలో మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఒకేసారి ముదిరి 48 గంటలు దాటితే. అప్పుడు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కఫం పరీక్షకు ఇవ్వాలి. పొద్దున నోరు మామూలు నీళ్లతో పుక్కిలించి, హఫ్ చేసి లోతు నుంచి తెచ్చిన కఫం కావాలి, ఉమ్మి పనికిరాదు. బ్రాంకియెక్టాసిస్‌లో యాంటీబయాటిక్ సాధారణంగా 14 రోజులు రాస్తారు. అయిదో రోజుకు బాగుందని మానేస్తే తిరిగి రావచ్చు. ఏడాదికి 3 సార్లో అంతకంటే ఎక్కువో ఇలా జరుగుతుంటే దీర్ఘకాలం అజిత్రోమైసిన్ ఇచ్చే ఆలోచన చేస్తారు, కానీ దానికి ముందు ఈసీజీ, వినికిడి, క్షయ జాతి క్రిములకు కఫం పరీక్ష జరగాలి. ఇవేవీ లేకుండా ఇంట్లో మిగిలిన మాత్రలు వేయకండి.

రక్తపు చార ఒకటి రెండు కనపడితే కసరత్తు బలం తగ్గించి అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. కప్పు నిండా పడితే, ఆగకుండా పడుతుంటే అత్యవసరం: పరికరాలు, గాఢ ఉప్పునీరు అన్నీ ఆపేసి, ఏ వైపు నుంచి వస్తోందో తెలిస్తే ఆ వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పెదాలు నీలం రంగు తిరగడం, మాట పూర్తిచేయలేనంత ఆయాసం, మగత కూడా అంతే. ఆక్సీమీటర్ అంకె దగ్గు తెర మధ్యలో చూడకండి, వేలు కదులుతూ తప్పు చూపిస్తుంది. తెర ఆగిన ఒకటి రెండు నిమిషాలకు, వెచ్చని వేలికి, గోరుకు నెయిల్ పాలిష్ లేకుండా చూడండి. బరువు తగ్గడం, రాత్రి చెమటలు, 3 వారాలు దాటిన బొంగురు, మారిపోయిన దగ్గు స్వభావం ఉంటే పాత జబ్బేలే అని సరిపెట్టుకోకుండా మళ్లీ స్కాన్, క్షయ పరీక్ష అడగాలి.

కసరత్తు మొదలుపెట్టిన మొదటి వారం రెండు వారాలు కప్పులో కఫం పెరుగుతుంది. "దగ్గు ఎక్కువైంది" అని అమ్మగారు మానేసేది సరిగ్గా అప్పుడే. రంగు మారకుండా, జ్వరం లేకుండా పెరిగితే అది లోపల నిలిచిన సరుకు బయటపడటమే, నాలుగో వారానికి తగ్గుముఖం పట్టాలి. పట్టకపోతే హఫ్ పద్ధతిలో లోపం ఉండొచ్చు, ఫిజియోథెరపిస్ట్ ముందు చేసి చూపించాలి. ఈలోగా డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు, అన్ని సిరప్ సీసాలు, బీపీ మాత్రల అట్ట, ఇన్‌హేలర్లు, స్పేసర్ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నారో నోటితో చెప్పొద్దు, అక్కడే వాడి చూపించమనండి.